నీలం నీళ్ళు

బుధవారం మధ్యాహ్నం దీపాలి బీదరులో పశువుల దవాఖాన గేటు దాకా పోయి, లోపల అడుగు పెట్టకుండానే తిరిగి వచ్చింది.

గేటు పక్కన రెండు బర్రెలు కట్టేసి ఉన్నాయి. వరండాలో పది పన్నెండు మంది మగవాళ్ళు నిలబడి, ఎవరి ఆవుకు ఏమైందో గట్టిగా చెప్పుకుంటున్నారు. ఒకాయన మేకను భుజాన వేసుకుని వచ్చాడు. లోపలికి పోవాలంటే వాళ్ళందరి మధ్యలోంచి పోవాలి. పోయాక నోరు తెరవాలి. తెరిచి, మా ఇంట్లో మూడు పిల్లిపిల్లలున్నాయి, వాటికి తామర అంటుకుంది అని కన్నడంలో చెప్పాలి. బర్రెలకూ ఆవులకూ మందిచ్చే చోట పిల్లిపిల్లల మాట ఎత్తితే వరండా అంతా నవ్వుతుందని ఆమెకు గట్టిగా అనిపించింది. బస్సులో దారి పొడుగునా మనసులో అప్పజెప్పుకున్న మాటల్లో ఒక్కటీ మిగల్లేదు. మేక ఆయన ఏం కావాలని అడిగాడు. ఏమీ వద్దన్నట్టు తల ఊపి, చున్నీ సర్దుకుని, బస్టాండు వైపు నడిచింది.

సొంతూరు చిమ్కోడ్ చేరాక, పొద్దుగూకే వేళకు పనినుంచి వచ్చిన నాయిన ఖండప్ప డాక్టరు ఏమన్నాడని అడిగాడు. దీపాలి తల వంచుకుని, "డాక్టర్ లేడంట నాయినా" అంది.

ఖండప్ప ఇంకేమీ అడగలేదు. కూతురు నాలుగు మాటలు మాట్లాడటమే ఎక్కువ. పదిహేనేళ్ళు వచ్చినా బడిలో హాజరు పలికేటప్పుడు ఆమె గొంతు పక్క బెంచీ దాటదని పంతుళ్ళు చెప్పేవారు. అంత పిల్ల బీదరు దాకా ఒక్కతే పోయి వచ్చిందంటే అదే గొప్ప అనుకుని కాళ్ళు కడుక్కున్నాడు.

దీపాలికి ఒక డైరీ ఉంది. నాయిన బీదరులో పనిచేసే బిద్రీ కార్ఖానాలో పోయిన ఏడు సేటు అందరికీ పంచిన నల్లట్ట డైరీ. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం కాబట్టి, కన్నడ అక్షరాలతో తెలుగు మాటలు రాసుకునేది. నోటితో చెప్పలేనివన్నీ అందులో చెప్పేది. ఆ రోజు అందులో కూడా "దవాఖానకు పోయిన. డాక్టరు లేరు" అని రాసింది. రాసిన తర్వాత చాలాసేపు ఆ రెండు మాటల వైపే చూసింది. డైరీలో అబద్ధం రాయడం అదే మొదలు.

పిల్లిపిల్లలు వెనక కొట్టంలో సోయా బస్తాల చాటున పుట్టాయి. కళ్ళు తెరిచిన వారానికే తల్లి ట్రాక్టరు కింద పడింది. ఆ రోజునుంచి దీపాలే దూది వత్తి పాలలో ముంచి వాటి నోట్లో పెట్టి పెంచింది. పచ్చగా ఉన్నది బెల్లం. అన్నిటికన్నా చిన్నది బుడ్డి. మూడోది ఒళ్ళంతా నలుపు, నుదుటినుంచి ముక్కు దాకా సన్నటి తెల్లగీత. దానికి పేరు పెట్టింది ఖండప్ప. నల్లటి బిద్రీ కూజా మీద తాను పొదిగే వెండి తీగను కార్ఖానాలో తార్ అంటారు. పిల్లిని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని నేనే చెక్కిన" అని నవ్వి, తార అన్నాడు. కొట్టంలోకి పోయినప్పుడల్లా దాని నుదుటి గీత మీద బొటనవేలితో ఒకసారి రాసి వచ్చేవాడు.

మొదట బెల్లం చెవి మీద వెంట్రుకలు ఊడాయి. ఎనిమిదణాల బిళ్ళంత గుండ్రంగా, గీసినట్టు ఊడి, లోపల బూడిద రాలినట్టు పొట్టు లేచింది. అవ్వ తాయవ్వ చూసి ఎలుక కొరికి ఉంటుందంది. నాలుగు రోజులకు బుడ్డి ముందరి కాలి మీద అలాంటిదే వచ్చింది. ఆ తర్వాత తార గదవ కింద. దీపాలి రోజూ తేదీ వేసి, ఏ పిల్లకు ఎక్కడ ఎన్ని బిళ్ళలు లేచాయో రాసుకుంటూ పోయింది. పది రోజులకే ఒక పేజీ చాలలేదు.

అవ్వ వేపాకు, పసుపు నూరి పూసింది. పిల్లులు పచ్చగా అయ్యాయి గానీ బిళ్ళలు ఆగలేదు. అంతలో ఒకటో తరగతి చదివే చెల్లెలు పింకి బుగ్గ మీద గాజు ఒత్తినట్టు ఎర్రటి గుండ్రం లేచింది. పింకి పిల్లుల్ని గౌను లోపల పెట్టుకుని తిరిగే పిల్ల. అమ్మ ప్రేమల, మందుల దుకాణంలో గజ్జి కోసమని అడిగి ట్యూబు తెచ్చి పూస్తే మూడు రోజులు ఎరుపు తగ్గింది. దీపాలి అదే మందు పిల్లులకూ రాసింది. ట్యూబు అయిపోయాక తగ్గిన చోటే రెట్టింపు లేచింది, పింకికీ పిల్లులకూ. సోమవారం టీచరు భీమవ్వ, మానే దాకా పింకిని బడికి పంపొద్దని కబురు చేసింది. తక్కిన పిల్లల తల్లులు వచ్చి అడుగుతున్నారట.

దీపాలి మోచేతి మడతలో కూడా రెండు గుండ్రాలు ఉన్నాయి. ఆ సంగతి ఎవరికీ తెలియదు. నిండు చేతుల జాకెట్టు వేసుకుని, అందరూ పనుల్లో ఉన్నప్పుడు కొట్టంలోకి పోయి గోక్కునేది.

సోమవారం రాత్రి అన్నం దగ్గర ఖండప్ప తన మాట చెప్పాడు. ఆదివారం దాకా చూస్తానన్నాడు. అప్పటికి మానకపోతే గోనెసంచిలో వేసుకుని బగ్దల్ దిక్కు పోయి విడిచిపెట్టి వస్తానన్నాడు. కోపంగా చెప్పలేదు. కోపంగా చెప్పి ఉంటే ఏడ్చి ఆపవచ్చని దీపాలికి ఆశ ఉండేది. పింకి బుగ్గ వైపు చూస్తూ, మెల్లగా, నిర్ణయం అయిపోయినట్టు చెప్పాడు. వాటికింకా అన్నం మెతుకు నమలడం రాదు. బగ్దల్ పొలాల్లో ఒక్క పూట కూడా బతకవు. కుక్కలున్నాయి, గద్దలున్నాయి.

అందుకే బుధవారం బీదరు పోయింది. అందుకే గేటు దగ్గరనుంచి తిరిగి వచ్చినందుకు తనను తాను తిట్టుకుంటూ గురువారం రోజంతా పిచ్చిదానిలా పనిచేసింది. కొట్టమంతా ఊడ్చింది. పిల్లుల కింది గుడ్డలు మరిగే నీళ్ళలో ఉడకబెట్టింది. మూడింటినీ పెద్ద గంప కింద మూసి, పింకిని అటు రానివ్వకుండా కూర్చుంది. పింకి గుమ్మంలో నిలబడి ఒకటే ఏడుపు. శుక్రవారం పొద్దున లెక్కపెడితే తార ఒంటి మీద ఇంకో రెండు బిళ్ళలు. కంటి పక్కన ఒకటి, తెల్లగీత మీదే ఒకటి.

శుక్రవారం సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే ఖండప్ప ఇంటికి వచ్చాడు. కాళ్ళు కూడా కడగకుండా కొట్టం గుమ్మంలో నిలబడ్డాడు. గంప ఎత్తి తారను చూశాడు. దాని నుదుటి గీత సగం ఊడిపోయి ఉంది. లోపలికి పోయి, గూట్లోంచి చిన్న సీసా, వెంట్రుకల బ్రష్షు పట్టుకొచ్చాడు.

ఆ సీసాలోవి నీలం నీళ్ళు. నీలాతూత రాయి, అంటే మైలుతుత్తం, కలిపిన నీళ్ళు. బిద్రీ పనివాళ్ళ ఇళ్ళలో అది లేని గూడు ఉండదు. జింకుతో పోసిన జస్తు కూజాకు ఆ నీళ్ళు పూస్తే తెల్లటి లోహం నల్లబడుతుంది. నలుపు మీద ములుకుతో గీస్తే పువ్వూ తీగా తెల్లగా కనిపిస్తాయి. ఆ గీత వెంట ఉలితో చెక్కుకుంటూ పోతారు. కార్ఖానాలో వాళ్ళకు ఆ నీళ్ళతో ఇంకో పని కూడా ఉంది. ఎప్పుడూ తడిలో ఉండే వేళ్ళ సందుల్లో తామర లేస్తే అదే బ్రష్షుతో ఒక పూత వేసుకుంటారు. ముసలివాళ్ళ కాలంనుంచీ అంతే. వానాకాలం మొదట్లో ఖండప్ప వేళ్ళకు వచ్చినప్పుడూ అలాగే మానింది.

"నా చేతికి మానింది, దీనికి మానదా?" అన్నాడు. "డాక్టర్ లేకుంటె మనమేం చేతులు ముడుసుకొని కూసుంటమా? ఇటు తే దాన్ని. గట్టిగ పట్టుకో, గీరుతది."

దీపాలి తన చున్నీలో తార కాళ్ళు నాలుగూ చుట్టి ఒళ్ళో పట్టుకుంది. ఖండప్ప బిళ్ళ బిళ్ళకూ బ్రష్షు ఆనించి, గుండ్రం దాటకుండా, కూజా మీద పువ్వుకు పూసినంత నేర్పుగా పూశాడు. పుండు పడిన చోట మంట పుట్టి తార అరిచింది. ఖండప్ప వంగి దాని మీద నోటితో ఊదాడు. తనకు కూడా మండిందనీ, మూడు రోజులు ఓర్చుకుంటే చాలనీ పిల్లికి చెప్పాడు. తర్వాత బుడ్డికి పూశాడు, బెల్లానికి పూశాడు. ఒక్కొక్కదాన్ని దీపాలే పట్టుకుంది, ఒక్కటి కూడా చేతుల్లోంచి జారకుండా.

అంతా అయ్యాక సీసాకు మూత పెడుతూ అన్నాడు, "ఆదివారం ముచ్చట ఇడిసిపెట్టు. ఇంకొక వారం చూద్దాం. రేపు కార్ఖానలకెళ్ళి తాజాది తెస్త, మల్లొక పూత ఏద్దాం."

దీపాలికి గొంతు దాకా వచ్చింది, బుధవారం సంగతి. ఇప్పుడు చెప్పి ఈ మంచి సాయంత్రాన్ని పాడు చేయడం ఎందుకనిపించింది. గంప మూసే ముందు చూస్తే మూడూ ఒకదాన్ని ఆనుకుని ఒకటి పడుకుని ఒళ్ళు నాక్కుంటున్నాయి. ఇన్నాళ్ళూ గోక్కోవడమే తప్ప అంత తీరిగ్గా నాక్కోవడం ఆమె చూడలేదు. మంట చల్లారింది కాబోలు అనుకుంది. డైరీలో "నాయిన మందు పెట్టిండు. మూడు మంచిగ నాక్కుంటున్నయి" అని రాసి పడుకుంది.

శనివారం తెల్లవారి ఖండప్ప మొదటి బస్సుకే పోయాడు, ఏదో తొందర పని ఉందని. ప్రేమల సోయా కోతకు పోయింది. దీపాలి పాలగిన్నె పట్టుకుని కొట్టంలోకి పోయి గంప ఎత్తింది.

గోనె మీద అక్కడక్కడా పచ్చనీలం రంగు నురగ. బెల్లం మూలకు పోయి ముడుచుకుని ఉంది. బుడ్డి కడుపు ఎగరేస్తూ కక్కడానికి చూస్తోంది, ఏమీ రావడం లేదు. తార పక్కకు ఒరిగి పడి ఉంది. నోటి చుట్టూ తడి. ముట్టుకుంటే చల్లగా ఉంది, కానీ ఊపిరి ఉంది.

తాయవ్వ వచ్చి చూసి బల్లిని తిన్నాయేమో అంది. ఇక ఆశ లేదనీ, పొయ్యేవాటిని పోనియ్యమనీ చెప్పింది. దీపాలికి ఆ నురగ రంగు ఎక్కడ చూసిందో అప్పుడు తెలిసింది. ఇంట్లోకి పోయి గూట్లో సీసా వైపు చూసింది. చూసి, కూరగాయల బుట్ట ఖాళీ చేసి, పాత చీర పరిచి, మూడింటినీ అందులో పెట్టింది. డైరీ చంకలో పెట్టుకుంది. పింకి బుట్ట అంచు పట్టుకుని వదలకపోతే దాని వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది.

బస్సులో పక్క సీటు ఆమె ముక్కు మూసుకుని లేచి పోయింది. దీపాలి బుట్టలో చెయ్యి పెట్టి తార పొట్ట మీద ఉంచింది. బస్సు ఊగినప్పుడల్లా ఊపిరి ఏదో, ఊపు ఏదో తెలియక భయపడింది. ఆగిన చోటల్లా ఊపిరి బిగబట్టి తెలుసుకుంది. బీదరు వచ్చేదాకా ఊపిరి ఉంది.

అదే గేటు, అదే వరండా. ఈరోజు ఇంకా ఎక్కువ మంది ఉన్నారు. ఆమె కాళ్ళు మళ్ళీ గేటు దగ్గరే ఆగాయి. బుట్టలో ఏముందోనని ఒక ముసలాయన వంగి చూశాడు. చూసి ముందు వాళ్ళను భుజం పట్టి పక్కకు జరిపాడు. వాళ్ళు వెనక్కి తిరిగి బుట్టలోకి చూసి ఇంకొంచెం జరిగారు. ఒక్కరూ నవ్వలేదు. ఎవరో తలుపు తెరిచి పట్టుకున్నారు. బుధవారం తాను భయపడింది వీళ్ళకా అని అనుకోవడానికి కూడా ఆమెకు తీరిక లేదు.

లోపల డాక్టరు ఆడమనిషి. బల్ల మీద పేరు షెకినా అని ఉంది. తారను బల్ల మీద పడుకోబెట్టి కనురెప్ప ఎత్తి చూస్తూ, ఏం తిన్నాయి, ఏం పూశారు అని కన్నడంలో అడిగింది. దీపాలి నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. డాక్టరమ్మ ఇంకోసారి అడిగింది, ఈసారి గట్టిగా. దీపాలి చంకలోంచి డైరీ తీసి, పేజీ తెరిచి ముందు పెట్టింది. తేదీలన్నీ అందులో ఉన్నాయి, బిళ్ళలన్నీ ఉన్నాయి. తాను మాట్లాడక్కర లేదు అనుకుంది.

డాక్టరమ్మ చదవడం మొదలుపెట్టి నుదురు ముడిచింది. అక్షరాలు కన్నడమే, మాట అర్థం కావడం లేదు. అయినా వేలు పెట్టి పైకి చదివింది. "బుధవారం. దవాఖానకు... పోయిన. డాక్టరు... లేరు." తల ఎత్తింది.

"బుధవారం డాక్టరు సంగతి ఏమంటున్నావు? బుధవారం నేను రోజంతా ఇక్కడే ఉన్నాను."

దీపాలి చెవుల్లో ఆ మాట మోగింది. తన అబద్ధాన్ని ఇంకొకరి నోట విన్నది. తార నోటినుంచి సన్నగా నీలం చార బల్ల మీదికి కారింది.

"నాకు ఇది చదవడం రాదు తల్లీ. నోటితో చెప్పు. నువ్వు చెప్పకపోతే నేనేమీ చేయలేను."

అప్పుడు చెప్పింది. కన్నడంలో, తెలుగులో, రెండూ కలిపి, వెనకదీ ముందుదీ ఏకం చేసి చెప్పింది. తామర అంది, చెల్లెలి బుగ్గ అంది, బిద్రీ అంది, నీలాతూత అంది. నిన్న సాయంత్రం మూడింటికీ పూశామంది. రాత్రంతా నాక్కున్నాయి అన్నప్పుడు గొంతు వరండా దాకా వినిపించింది.

డాక్టరమ్మ మధ్యలోనే లేచింది. మిగతా రెండింటినీ సబ్బుతో కడిగించింది, పాలలో గుడ్డు తెల్లసొన కలిపి చుక్క చుక్కగా నోట్లో పోయించింది, చర్మం కింద సెలైను ఎక్కించింది. తారకు కూడా సూది వేసింది. వేసి, చేత్తో దాని ఛాతీ పట్టుకుని కాసేపు ఉంది. తర్వాత చెయ్యి తీసి, బుట్టలోని చీర కొంగు లాగి దాని మీద కప్పింది.

దీపాలి గోడకు ఆనుకుని నిలబడింది. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ, ఆమె వైపు చూడకుండా చెప్పింది.

"ఇది రొట్టె మీద పట్టే బూజు లాంటి రోగం. దీంతో పిల్లులు చావవు. నెలో రెండు నెలలో పడుతుంది, మానుతుంది. తొందర పడాల్సిన రోగమే కాదు."

ఏం చెయ్యాలో చీటీ మీద రాసి ఇచ్చింది. వారానికి రెండుసార్లు మందు నీళ్ళతో స్నానం. పూటపూటకూ లేపనం, అది కూడా నాక్కోకుండా చూసుకుంటూ. గుడ్డలు ఉతికి ఎండలో వేయాలి, పిల్లుల్ని విడిగా ఉంచాలి. చెల్లెల్ని, తనను మనుషుల డాక్టరుకు చూపించాలి. తనను అన్నప్పుడు ఆమె కళ్ళు దీపాలి చేతుల మీదికి పోయాయి. నిండు చేతుల జాకెట్టు ఎప్పుడు పైకి జరిగిందో దీపాలికి తెలియదు. రెండు పిల్లల్నీ సాయంత్రం దాకా ఇక్కడే ఉంచమంది. బెల్లం నిలబడుతుందని, బుడ్డి సంగతి ఇప్పుడే చెప్పలేనని అంది.

దీపాలి తారను చీరతోనే బుట్టలో పెట్టుకుని బయటికి వచ్చింది. బుట్ట ఇప్పుడు తేలిగ్గా ఉంది. సాయంత్రం నాయిన తాజా సీసాతో ఇంటికి వస్తాడు. అంతకుముందే చెప్పాలి. కానీ ఏమని? రోగం ముదిరి తార పోయిందంటే నాయిన మనసుకు దెబ్బ తగలదు. కానీ రోగం ప్రాణం తీసేదని నమ్మితే పింకి కోసం రేపే ఆ రెండింటినీ సంచిలో వేస్తాడు, అడ్డం చెప్పడానికి కూడా ఎవరికీ నోరు రాదు. ఆ రెండూ బతకాలంటే నీలం నీళ్ళ మాట చెప్పాలి. చెబితే, తారను నువ్వే చంపావు అని నాయినతో అన్నట్టే. ఎటు తిరిగినా ఒకటి పోయేలా ఉంది. నడుస్తూ నడుస్తూ చౌబార బురుజు దాటి, కార్ఖానా ఉన్న సందులోకి తిరిగింది.

కార్ఖానా అంటే పొడుగాటి ఒకే గది. నేల మీద చాపలు వేసుకుని ఆరేడుగురు కూర్చున్నారు. సుత్తుల చప్పుడు. ఖండప్ప కిటికీ దగ్గర ఒక పెద్ద కూజాను మోకాళ్ళ మధ్య పెట్టుకుని బ్రష్షుతో నీలం నీళ్ళు పూస్తున్నాడు. బ్రష్షు పోయిన చోటల్లా లోహం నల్లబడుతోంది. గుమ్మంలో కూతుర్ని చూసి బ్రష్షు ఆపాడు.

"పింకికేమైంది?"

దీపాలి తల అడ్డంగా ఊపి, బుట్ట ఆయన ముందు పెట్టి, చీర కొంగు తీసింది.

ఖండప్ప చూశాడు. "రోగం ముదిరిందా?" అన్నాడు.

దారి ఆయనే చూపించాడు. తల ఊపితే చాలు. పుట్టినప్పటినుంచీ ఆమె చేసిన పని అదే, ఎవరేమన్నా తల ఊపడం. పక్క చాప మీద నవనాథ్ మామ సుత్తి ఆపి ఇటే చూస్తున్నాడు. గదిలో ఒక్కొక్క సుత్తీ ఆగింది.

"రోగం కాదు నాయినా" అంది దీపాలి. "నీలం నీళ్ళు. నాక్కున్నయి. కడుపులకు పోయినయి."

నవనాథ్ ఊరుకోలేదు. ఈ కార్ఖానాలో అందరూ పెట్టుకుంటారనీ, తన తాత కూడా పెట్టుకున్నాడనీ, ఎవరికేమైందనీ అడిగాడు. ఖండప్పను కాపాడదామనే అడిగాడు.

"మనం నాక్కోం గద మామా" అంది దీపాలి.

ఖండప్ప తన వేళ్ళు చూసుకుంటున్నాడు. గోళ్ళ సందుల్లో నీలం. ఆ చూపు చూడలేక దీపాలి మిగిలింది కూడా చెప్పేసింది.

"నువ్వొక్కనివే కాదు. నువ్వు పూసినవ్, నేను పట్టుకున్న. బుధవారం డాక్టర్ ఉండె. నేనే లోపటికి పోలే. సిగ్గయింది. నీకు అబద్ధం చెప్పిన. పోయి ఉంటె నువ్వు సీస తియ్యకపోతుంటివి."

ఖండప్ప కొడతాడేమో అనుకుంది. కొడితే బాగుండు అనుకుంది. ఆయన బ్రష్షును గిన్నెలో కాకుండా నేల మీద పెట్టి లేచాడు. వెనక నల్లా దగ్గరికి పోయాడు. నీళ్ళ చప్పుడు ఎంతకీ ఆగలేదు. నవనాథ్ లేచి పోయి చూసి, తిరిగి వచ్చి కూర్చున్నాడు. ఖండప్ప వచ్చేసరికి చేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. గోళ్ళలో నీలం అలాగే ఉంది.

"ఆ రెండు ఏడున్నయి?" అన్నాడు.

దవాఖానలో అని చెప్పింది. రోగం చంపేది కాదని, మానుతుందని, డాక్టరమ్మ రాసిచ్చిందని చెప్పి చీటీ తీసింది. ఆయన చీటీ అందుకోవడానికి చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

"నీతాన్నే ఉండని. నడువు."

బుట్ట ఆయనే ఎత్తుకున్నాడు. దవాఖాన గేటు దగ్గరికి వచ్చాక ఖండప్ప నడక తగ్గింది. వరండాలో మనుషుల్ని చూసి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, పక్కకు నిలబడ్డాడు. దీపాలి అర్థం కాక ఆయన మొహం చూసింది. ఆ చూపు తనకు తెలిసిందే. బుధవారం తాను నిలబడిన చోటే నాయిన నిలబడి ఉన్నాడు.

"నువ్వే మాట్లాడు బిడ్డా" అన్నాడు. "నాకు పెద్దోళ్ళ ముందట నోరు రాదు."

దీపాలి ముందు నడిచింది.

ఆదివారం ఖండప్ప బగ్దల్ పోలేదు. పొద్దున్నే ఇంటి వెనక, కోళ్ళు గీరనంత లోతుగా గుంత తవ్వి, తారను బుట్ట చీరతోనే పెట్టి పూడ్చాడు. పింకి అడిగితే ఆయనే చెప్పాడు, నేను తప్పు మందు పెట్టిన అని. పింకి ఆయన చెయ్యి పట్టుకోకుండా అమ్మ దగ్గరికి పోయింది. కొట్టంలోని గోనెలన్నీ, పిల్లుల కోసం తీసిపెట్టిన సంచితో సహా, కుప్ప వేసి కాల్చాడు. గూట్లోని సీసాను గుడ్డలో చుట్టి, రేపు కార్ఖానాకు తీసుకుపోవడానికి చేసంచిలో అడుగున పెట్టాడు.

కాగులో నీళ్ళు వేడి చేసి, మందు కలిపే దాకా ఆయనే చేశాడు. కానీ బెల్లాన్ని ఎత్తుకోబోతే అది చెవులు వెనక్కి వంచి, ఆయన వేళ్ళు వాసన చూసి, బుసకొట్టి బస్తాల వెనక్కి దూరింది. రెండోసారి ఆయన ప్రయత్నం చేయలేదు. గుమ్మం దగ్గరికి పోయి, చేతులు చంకల్లో పెట్టుకుని గొంతుక్కూర్చున్నాడు. స్నానం దీపాలే చేయించింది. తాకీ తాకనట్టు పట్టుకుని, నీళ్ళు కంట్లో పడకుండా, ఒక్కొక్క బిళ్ళ మీదా మెల్లగా పోసింది. పట్టు కొంచెం బిగిసినప్పుడల్లా వెంటనే వదులు చేసింది.

బెల్లం మధ్యాహ్నానికి పాలు తాగింది. బుడ్డి తాగలేదు. నిన్ననుంచి ఒక్క చుక్క కూడా మింగలేదు. ఒళ్ళో పెట్టుకుంటే ఎముకలు గుచ్చుకుంటున్నాయి. దీపాలి మళ్ళీ పసికందుకు చేసినట్టే దూది వత్తి చేసి పాలలో ముంచి పెదవుల మీద ఆనించింది. కారిపోయింది. తుడిచి మళ్ళీ ఆనించింది. తాయవ్వ వచ్చి చూసి వెళ్ళింది. ప్రేమల అన్నానికి పిలిచి పిలిచి ఊరుకుంది. పాలు చల్లారితే ఖండప్పే లేచి పోయి వెచ్చబెట్టి తెచ్చి, గిన్నెను చేతికి ఇవ్వకుండా దూరంగా నేల మీద పెట్టి, మళ్ళీ గుమ్మంలోకి పోయి కూర్చున్నాడు.

ఎండ కొట్టం గోడ దిగి పోతుండగా వత్తి కొంచెం కదిలినట్టయింది. దీపాలి చెయ్యి కదపలేదు. మళ్ళీ కదిలింది, ఈసారి లోపలికి.

ఖండప్ప అక్కడినుంచే అడిగాడు, "తాగిందా?"

"కొంచెం" అంది దీపాలి.

ఆయన లేవలేదు. చేతులు చంకల్లోనే ఉంచుకుని, వత్తిలో పాలు తరిగేదాకా అటే చూస్తూ కూర్చున్నాడు.